పన్నెండు నుంచి ఒంటిగంట: సున్నా

ఆఫీసు బాత్రూం తలుపు వెనక వేలాడే కాగితాన్ని మీరెప్పుడైనా నిదానంగా చదివారా? గంటగంటకీ శుభ్రం చేసినట్టు గళ్లు, గడికో టిక్కు, పక్కన ఓ సంతకం. పొద్దున పదింటికి చూస్తే సాయంత్రం ఆరింటి గడిలో కూడా సంతకం ఉంటుంది. మీరు నవ్వుకుని, చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. ఆ సంతకాలు పెట్టించే జాతి మాది. హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీ క్యాంపస్‌కి పద్నాలుగేళ్లు ఫెసిలిటీస్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. లిఫ్టులు, ఏసీలు, జనరేటర్లు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ సాంబారులో ఏదైనా తేలితే వచ్చే ఫోను, అన్నీ నా నెత్తినే ఉండేవి.

రిటైరైనవాళ్లు మామూలుగా తాము గెలిచిన సంగతులు రాస్తారు. నా దగ్గరా అలాంటివి రెండు మూడు ఉన్నాయి. కూకట్‌పల్లిలో మా ఇంటికొస్తే కాఫీ ఇచ్చి మరీ వినిపిస్తాను, మా ఆవిడ వద్దని సైగ చేస్తున్నా ఆపను. ఇది మాత్రం అలాంటిది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కే సంగతి. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదివితే బావుంటుందని రాస్తున్నాను.

నేను మొదటినుంచీ అంత కంత్రీ మనిషినేం కాదు. అంతకుముందు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ సెక్షన్‌లో చాలా ఏళ్లు చేశాను. అక్కడ పంపు రీడింగ్ చూడకుండా రాస్తే మధ్యాహ్నానికల్లా మోటారు కాలి కంపు కొట్టేది, ఫోర్‌మన్ నోటికి తాళం ఉండేది కాదు. అందుకని చూసిందే రాసేవాళ్లం. ఫ్యాక్టరీ మూతబడి అద్దాల మేడలోకి వచ్చాక అర్థమైంది, ఇక్కడ కాగితం నిండి ఉంటే చాలని. ఆడిట్‌వాళ్లు వచ్చి గళ్లు ఖాళీ ఉన్నాయా అని చూసేవాళ్లే గానీ, గదిలోకి తొంగిచూసేవాళ్లు కాదు. ఏడాది తిరక్కుండానే నేనూ ఆ నీళ్లకి అలవాటు పడ్డాను.

ఇలా ఉండగా మా క్యాంపస్‌లో డేగల లెక్క మొదలైంది. మొదలుపెట్టింది టెస్టింగ్ టీంలో పనిచేసే ఒక అమ్మాయి, తెనాలి వైపు పిల్ల. ఒకరోజు నా క్యాబిన్‌కి వచ్చి టెర్రస్ తాళం కావాలంది. మా టవరు తొమ్మిది అంతస్తులు. ఇన్నేళ్లలో టెర్రస్ తాళం అడిగినవాళ్లంతా సిగరెట్టు కోసం అడిగినవాళ్లే. ఈ పిల్ల గద్దల కోసం అడిగింది.

"వానలు వెనకబట్టాక ఉత్తరాన్నుంచి డేగలు, గద్దలు వస్తాయండీ. కొన్ని మన పొలాల్లో ఆగిపోతాయి, కొన్ని ఇంకా కిందికి పోతాయి. దసరా నుంచి కార్తీకం చివరిదాకా ఎత్తైన చోట నిలబడి లెక్కపెడతాం. వికారాబాద్ వైపు గుట్ట మీద ఒక గుంపు ఉంది, చెరువుల దగ్గర కొందరున్నారు. మనూళ్లో ఇంత ఎత్తు మీద ఎవరూ లేరు సర్."

"లెక్కపెట్టి ఏం చేస్తారమ్మా?"

"ఏటేటా తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో తెలియాలంటే ఎవరో ఒకరు నిలబడి చూడాలి కదండీ."

నాకెందుకో ఆ జవాబు నచ్చింది. తాళం ఇచ్చాను. ఇవ్వడమే కాదు, ఎండాకాలం పోయాక పని తగ్గుతుంది గనక నేనూ పేరు రాయించుకున్నాను. ఒక పెద్దమనిషి పేరుంటే హెచ్ఆర్ మేడం కూడా కాదనరని ఆ పిల్లకి తెలుసు, అందుకే పట్టుబట్టి రాయించింది. అలా పదిమందిమి వాలంటీర్లం అయ్యాం. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న మిషను, అట్టకి క్లిప్పుతో పెట్టిన షీటు. గంటకో గడి. మొదటి ఆదివారమే ఆ పిల్ల మా అందరికీ ఒక మాట చెప్పింది.

"రాని గంట కూడా లెక్కే. నిలబడి చూశాం, ఏదీ రాలేదు అంటే సున్నా వేయండి. చూడటం కుదరలేదంటే గడి ఖాళీగా వదిలేయండి. సున్నా వేరు, ఖాళీ వేరు. దయచేసి కలిపేయకండి."

నేను అందరికంటే గట్టిగా తలూపాను.

టెర్రస్ మీదికి మనుషులు వెళ్తే ఒక గార్డు ఉండి తీరాలి. పిట్టగోడ దగ్గరికి ఎవరూ పోకుండా చూడాలి, ఎవరు ఎప్పుడు పైకొచ్చారో ఎప్పుడు దిగారో రిజిస్టర్లో రాయించాలి. ఆ డ్యూటీకి నేను ఒకామెను వేశాను. నలభై దాటిన మనిషి. నాగర్‌కర్నూల్ వైపు గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టి పెరిగింది. భర్తది సెంట్రింగ్ పని, లింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. అంతకుముందు కింద గేటు దగ్గర ఆడపిల్లల బ్యాగులు చూసే పని చేసేది.

పైకి వచ్చిన రెండో రోజే నాకు సలహా ఇచ్చింది. "సారూ, టోపీ పెట్టుకో నువ్వు. ఎండకు కండ్లు చికిలించుకుంట నిలవడితె ఇగ పిట్టలేం కనవడ్తయ్?"

మా వైపు పెద్దవాళ్లని మీరు అంటారు. ఆమె వైపు మర్యాదంతా 'సారూ'లో పెట్టేసి 'నువ్వు' అంటారు. ఆ సంగతి తెలిసీ నాకు కొంచెం చురుక్కుమంది. టోపీ మాత్రం మర్నాడే కొనుక్కున్నాను.

మేం నేర్చుకోవడానికి నెల పట్టిన సంగతి ఆమెకి వారంలో పట్టుబడింది. మొదటి సీజన్లో నేను ఒక్క గంటలో నలభై డేగలు లెక్కపెట్టి, పొంగిపోయి అందరికీ ఫోన్లు చేశాను. తీరా చూస్తే అవి ఊరి గద్దలు. కింద బిర్యానీ హోటలు వెనక వేసే ఎముకల కోసం గుండ్రంగా తిరుగుతున్నాయి, తిరిగిన ప్రతిసారీ నేను మళ్లీ నొక్కాను. ఆమె నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"గా తిరిగేటియి మనయే సారూ. యాడికీ పోవు. గిటు సూడు, గీ ఒక్కటి రెక్క గూడ కొట్టకుంట, ఎన్కకు సూడకుంట పోతాంది. గిది పొయ్యేది."

బైనాక్యులర్స్ తీసి చూసేసరికి అది దుర్గం చెరువు దాటిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు పిల్లలంతా ఆమె పక్కనే నిలబడటం మొదలుపెట్టారు. ఒకసారి ఆమె ఆ అమ్మాయిని అడిగింది, "అమ్మా, నేను గూడ కాయితం మీద రాయొచ్చునా?" ఆ పిల్ల సంతోషంగా సరే అనబోయింది. నేను అడ్డంపడ్డాను. డ్యూటీలో ఉన్న గార్డు ఇంకో పని చేయకూడదని ఏజెన్సీ ఒప్పందంలో ఉందన్నాను. ఉన్నమాట నిజమే. కాకపోతే ఒప్పందంలో ఉన్నవాటిలో నేను పట్టించుకోని రూళ్లు చాలా ఉన్నాయి. ఈ ఒక్కటే ఎందుకు గుర్తొచ్చిందో నాకు అప్పుడూ తెలుసు. గార్డు షీటు రాస్తే మేనేజరు షీటుకి విలువేముంటుందని.

పనిరోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా నా వంతు. పిల్లలకి మీటింగులు, భోజనాలు. నాకైతే అడిగేవాళ్లు లేరు. మొదటి ఏడాది నిజంగానే రోజూ నిలబడ్డాను. ఆ వేళ వచ్చేవి తక్కువ, వారమంతా చూస్తే ఒకటో రెండో. రెండో ఏడాది పావుగంట ముందే దిగడం మొదలైంది. మూడో ఏటికి పద్ధతి పూర్తిగా కుదిరింది. పొద్దున తొమ్మిదిన్నరకి రౌండ్స్‌కి వెళ్లినప్పుడు పైకెక్కి, రిజిస్టర్లో పన్నెండింటికి వచ్చినట్టు, ఒంటిగంటకి దిగినట్టు రెండు సంతకాలు, షీటులో పన్నెండు నుంచి ఒంటిగంట గడిలో సున్నా, దాని పక్కన ఇంకో సంతకం. మొత్తం రెండు నిమిషాలు. బాత్రూం తలుపు కాగితం తొమ్మిదో అంతస్తు పైకి ఎక్కింది, అంతే తేడా.

ఆమె చూసేది. మొదటిసారి మాత్రం అడిగింది. "ఇప్పుడే రాస్తున్నవేంది సారూ? ఇంకా పన్నెండు కాలే గద."

"మళ్లీ వస్తాలే అమ్మా," అన్నాను. వెళ్లలేదు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఇక ఆ రోజు సంగతి. గురువారం. రెండు రోజులు ముసురు పట్టి, ఆ పొద్దున్నే తెరిపిచ్చింది. నేను మామూలుగా పైకెక్కి, సున్నా వేసి దిగాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆరో అంతస్తులో ఒక డైరెక్టరుగారు బదిలీ మీద వెళ్తున్నారని కేక్ కోస్తున్నారు. కుర్చీలు, పూలు, మైకు నా పని గనక నేనూ అక్కడే ఉన్నాను. ఆ హాలుకి ఉత్తరం వైపంతా అద్దమే. డైరెక్టరుగారు మాట్లాడుతుండగా వెనక నిలబడ్డ ఒక కుర్రాడు "అరే, అవేంటి?" అన్నాడు.

తిరిగి చూశాను. చిన్న డేగలు. ఈశాన్యం కొండల దగ్గర ఆగి, మన మీదుగా వెళ్లి, సముద్రం దాటి ఆఫ్రికా చేరతాయని ఆ పిల్ల చెప్పిన డేగలు. మూడు సీజన్లలో మేం చూసింది అంతా కలిపి పది కూడా ఉండవు. ఇప్పుడు మెట్రో లైను మీదుగా ఒకదాని వెనక ఒకటి, పక్కపక్కనే, పైనా కిందా, ఆకాశం పట్టనన్ని వస్తున్నాయి. ఒక్కటీ గుండ్రంగా తిరగడం లేదు. అన్నీ ఒకే వైపు. అద్దానికి ఎంత దగ్గరగా వెళ్లాయంటే, కొన్నింటి కాళ్ల ఎరుపు కూడా కనబడింది.

ఏ వాలంటీరైనా ఏం చేయాలి? పరుగెత్తాలి. నాలుగంతస్తులు పైకి, లిఫ్టు కూడా నా చేతికిందిదే. పోనీ అక్కడే నిలబడి లెక్కపెట్టినా చాలు. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో రాయడానికే ఇంతసేపు తటపటాయించాను. 'అయ్యో, సున్నా వేసేశానే' అనుకున్నాను. ఆ సున్నా కొట్టేసి ఇంకో అంకె వేస్తే ఎందుకు కొట్టేశావంటారు, ఎప్పుడు వేశావంటారు. అద్దానికి వీపు తిప్పి నిలబడ్డాను. ఎవరో కేక్ ముక్క చేతిలో పెడితే, గుడ్డు వేయనిది ఉందా అని అడిగాను. ఈ లోపు అవి వెళ్లిపోయాయి.

సాయంత్రం ఆ అమ్మాయి టెర్రస్ మీదికి వెళ్లేసరికి గార్డు ఆమె కోసమే కాచుకుని ఉందట. "అమ్మా, పగటీలి శానా వొచ్చినయ్. నేను లెక్కవెట్టిన," అని చెప్పిందట. ఈ పిల్ల షీటు చూసింది. సున్నా, నా సంతకం. ఆ పిల్ల మంచిది. నాకు ఫోన్ చేసి, తప్పు నాది కాకుండా ఉండే దారి కూడా తనే వెతికి పెట్టింది.

"సర్, మీరు దక్షిణం వైపు చూస్తున్నారేమో, ఆవిడ ఉత్తరం వైపు ఉన్నారేమో. అలా జరుగుతుందండీ. మీకేమైనా కనిపించాయా?"

అవునని ఒక్క మాటంటే అక్కడితో పోయేది. అసలు నేను పైన లేను అమ్మా అంటే ఇంకా బావుండేది. కానీ నా రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉంది. నెలాఖరుకి ఆడిట్ ఉంది. ఒక షీటు ముందే రాశానంటే ఫైర్ పంపు షీటు తీయమంటారు, అది తీస్తే లిఫ్టుది తీయమంటారు. భయం వేసింది, దాన్ని కోపంగా మార్చుకున్నాను. "ఆవిడ మాట పట్టుకుని నన్నడుగుతున్నావా?" అన్నాను. ఆ పిల్ల సారీ సర్ అని పెట్టేసింది. నాతో సారీ చెప్పించుకోవాల్సిన పిల్ల, నాకు సారీ చెప్పింది.

మర్నాడు శుక్రవారం, వాలంటీర్ల వారం మీటింగు. హెచ్ఆర్ మేడం ఉన్నారు, ఏదో వేరే పని మీద వచ్చిన సెక్యూరిటీ ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసరు కూడా వచ్చి కూర్చున్నాడు. విషయం తేలిపోతే మంచిదని ఆ పిల్ల గార్డును లోపలికి పిలిచింది. ఏసీ గదిలో యూనిఫాంతో ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ గదిలో కుర్చీల లెక్క నాకు తెలుసు, రెండు ఖాళీగా ఉన్నాయి.

ఆమె భయపడలేదు. జేబులోంచి గుప్పెడు గులకరాళ్లు తీసి బల్ల మీద పెట్టింది.

"మా అయ్య గొర్లను గిట్లనే లెక్కవెడ్తుండె. ఇరవై అయితే ఒక రాయి ఇటు జేబుల కెల్లి అటు జేబులకు. గివి పందొమ్మిది రాళ్లు. మీద ఏడు పిట్టలు. మూడు నూర్ల ఎనబై ఏడు. మందకన్న ఇవ్విటిని లెక్కవెట్టుడే అల్కగుంది, ఎన్కకు మర్లవు గద."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో అని ఎందుకు రాయాలి? మొదట నవ్వింది నేనే. పెద్దవాణ్ణి నేను నవ్వితే పిల్లలు కొందరు నవ్వారు.

హెచ్ఆర్ మేడం నన్నడిగారు, "మీరు అక్కడే ఉన్నారు కదా సర్?"

"పన్నెండు నుంచి ఒంటిగంట దాకా అక్కడే ఉన్నానండీ. ఏమీ రాలేదు."

గార్డు నా వైపు తిరిగింది. "నువ్వు యాడున్నవ్ సారూ? నువ్వు లేవు గద పైన."

ఫీల్డ్ ఆఫీసరు టెర్రస్ రిజిస్టరు తెప్పించాడు. అందులో నా రెండు సంతకాలు, పన్నెండింటికి ఒకటి, ఒంటిగంటకి ఒకటి. "సార్ రాలేదంటున్నవ్. మరి గీ సంతకం ఏంది? రిజిస్టర్ నీ చేతిలనే ఉంటది గద?" అని గద్దించాడు.

"పొద్దుగాలనే పెడ్తడు సారు. రోజు గట్లనే. పెద్ద సారు, నేనెట్ల వద్దంట?"

అప్పుడు నేను అన్న మాట ఇది. మాట మార్చకుండా రాస్తున్నాను. "నేను వెళ్లినప్పుడు ఈవిడ పోస్టులో లేదండీ. వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేనే పోన్లే అని ఊరుకున్నాను."

అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని మీకు అనిపించొచ్చు. రోజుకి మూడు సంతకాలు అబద్ధం పెట్టేవాడికి ఒక వాక్యం ఎంతసేపు? లిఫ్టు దగ్గర సీసీ కెమెరా ఉంది. ఆ రికార్డింగు నా క్యాబిన్లోనే ఉంటుంది. చూద్దామని ఒక్కరన్నా నేను మునిగిపోయేవాణ్ణి. ఎవరూ అనలేదు. పదిహేను ఇంచుల తెర మీద నిజం ఉందని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె గొంతు పెంచలేదు. "నా లెక్క తప్పంటె తప్పని అను సారూ, పడ్త. రెండు ఎక్కువ, రెండు తక్కువ ఉండొచ్చు. అబద్ధమాడిననంటె మాత్రం పడ. ఇంత వయసొచ్చింది, ఇంతవరకు ఎవ్వలు అనలే నన్ను."

ఫీల్డ్ ఆఫీసరు ఆమెను బయటికి వెళ్లమన్నాడు. రాళ్లు తీసుకుని వెళ్లింది. సోమవారానికి టెర్రస్ తలుపు దగ్గర ఇంకో గార్డున్నాడు. ఆమెను పటాన్‌చెరు అవతల ఏదో గోడౌనుకి వేశారని, రెండు బస్సులు మారాల్సి రావడంతో వారానికే మానేసిందని తర్వాత విన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు పని దొరకలేదని కూడా విన్నాను. వింటూ కూడా, ఎక్కడో అక్కడ దొరుకుతుందిలే అనుకున్నాను. నా లాంటివాళ్లకి ఆ 'ఎక్కడో అక్కడ' చాలా అక్కరకొస్తుంది.

నాలుగు నెలల తర్వాత నాకు శాలువా కప్పారు. హెచ్ఆర్ మేడం నా గురించి మాట్లాడుతూ, మూడు సీజన్ల డేగల లెక్కలో పనిరోజు మధ్యాహ్నాల్లో ఒక్క గడి కూడా ఖాళీ లేదని, అంకితభావం అంటే అదని అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను.

ఆ దసరాకి ఆ అమ్మాయి ఫోన్ చేసి, రిటైరైనా మీరు మా మనిషే, ఒక ఆదివారం రండి అంది. వెళ్లాను. కొత్త వాలంటీర్లు ఆరుగురు వచ్చారు. వాళ్లకి పద్ధతి చెబుతూ ఆ పిల్ల ఇలా అంది. "ఒక్కరే చూశామని చెప్పే పెద్ద అంకెల్ని వెంటనే నమ్మకండి. ఒకసారి మా గార్డ్ ఆంటీ ఒకావిడ రాళ్లు లెక్కపెట్టి మూడొందల ఎనభై అని చెప్పింది. పాపం, ఊరి గద్దల్ని చూసి ఉంటుంది." కొత్తవాళ్లు నవ్వారు. ఆ పిల్లలో వెటకారం లేదు, జాగ్రత్త చెబుతోంది అంతే.

తిరిగే గద్దకీ పోయే డేగకీ తేడా మాకు చూపించిన మనిషి, ఆ తేడా తెలియని మనిషిగా పాఠంలో నిలబడిపోయింది. నా కళ్ల ముందు. ఇంకో పదేళ్లు ఇదే పాఠం నడుస్తుందని అర్థమైంది. ఆ పిల్లని లిఫ్టు దగ్గరికి పిలిచి ఉన్నదంతా చెప్పేశాను. కేక్ సంగతితో సహా.

ఆ పిల్ల తిట్టలేదు. తిడితే బావుండేది. ఒకటే అడిగింది. "మీరు చూశారు కదండీ. ఎన్ని చూశారు?"

"లెక్కపెట్టలేదమ్మా."

"సుమారుగా?"

"వీపు తిప్పేశాను."

లాప్‌టాప్ తెచ్చుకుని మెట్ల మీదే కూర్చుంది. నా పేరు మీద ఉన్న గంటలన్నీ, మూడు సీజన్లవీ, మొదటి ఏడాది నిజంగా నిలబడినవి కూడా, ఏవి నిజమో ఏవి కావో తెలియదు గనక మొత్తం తీసేసింది. సున్నాలన్నీ ఖాళీలయ్యాయి. గార్డు చెప్పిన అంకె మాత్రం ఎక్కించలేకపోయింది. ఇంకొకరు చూసి లెక్కపెట్టి ఉంటేనే ఎక్కుతుందట. ఇంకొకరు ఉన్నారు, ఉండీ లెక్కపెట్టలేదు.

"ఆవిడకి చెప్పారా అండీ?" అంది తలెత్తకుండానే.

వెతకడానికి పది రోజులు పట్టింది. లింగంపల్లి స్టేషన్ అవతల ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దొరికింది. వేరే ఏజెన్సీ, వేరే రంగు యూనిఫాం. నన్ను చూసి గుర్తుపట్టింది, నమస్తే సారూ అంది. నేను మొదలుపెట్టాను. స్కూలు బస్సులు వచ్చే వేళ. రెండు మాటలు చెప్పగానే ఏదో బండి హారన్ కొట్టేది, ఆమె వెళ్లి గేటు తీసి, వేసి, వచ్చి "ఊఁ, చెప్పు సారూ" అనేది. అలా ముక్కలుముక్కలుగా, మొత్తం చెప్పాను. అద్దంలోంచి చూశానని చెప్పినప్పుడు మాత్రం ఆమె హారన్ కొడుతున్నా కదల్లేదు.

"నువ్వు సూసినవా?"

"చూశాను."

"సూసే అన్నవా?" ఆమె మొహం మారిపోయింది. "నేను ఇన్నొద్దులు ఏమనుకున్ననో ఎరికేనా? సారు కింద ఉండె, సూడకపాయె, గందుకే నమ్మలేదు అనుకున్న. మా ఇంటాయన తిడ్తుంటె గూడ, లేదు, సారు అట్లాంటోడు కాదు, తెల్వక అన్నడు అని చెప్పిన."

క్షమించమని అడిగాను. పాత చోటే పని ఇప్పించమని మాట్లాడతానన్నాను.

"పని సంగతి ఇడిసిపెట్టు. ఈడ ఇంటికి దగ్గరుంది, ఫికర్ లేదు." వెళ్లి గేటు తీసి వచ్చింది. "గా రూముల గంతమంది ఉన్నరు. అందరి ముందట నన్ను అబద్ధాలదాన్ని జేసినవ్. అందరు నవ్విండ్రు. ఇప్పుడొచ్చి గేటు కాడ, ఎవ్వలు లేంగ సూసి, నాకొక్కదానికి చెప్తున్నవ్. నాకెందుకు చెప్తవ్ సారూ? నేను అబద్ధమాడలేదని నాకు ఎరికే గద. గాళ్లకు చెప్పు."

ఆ తర్వాత ఒక కారు, దాని వెనక ఇంకోటి వచ్చాయి. ఆమె నా వైపు మళ్లీ తిరగలేదు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

చెబుదామనే ప్రయత్నించాను. హెచ్ఆర్ మేడం కంపెనీ మారిపోయారు. ఆ సీట్లోకి కొత్తగా వచ్చినవారికి మెయిల్ పెడితే, ఆ విషయం ఎప్పుడో ముగిసిపోయిందని మర్యాదగా జవాబిచ్చారు. ఫీల్డ్ ఆఫీసరు ఎక్కడున్నాడో తెలియదు. ఆనాటి వాలంటీర్లలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను, మిగిలినవాళ్లు తలో ఊరు వెళ్లిపోయారు. అందరినీ ఒక గదిలోకి మళ్లీ చేర్చడం నా వల్ల కాలేదు. అందుకని ఇలా రాయాల్సి వచ్చింది. ఈ వయసులో పరువు పోగొట్టుకోవడం దేనికని మా ఆవిడ అంది. నా పరువు కోసం ఇంకో మనిషి పరువు ఇన్నాళ్లు వాడుకున్నాను, ఇక చాలు.

పేర్లు ఎవరివీ రాయలేదు. ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్లకి అక్కర్లేదు. మీలో ఒక్కరు చదివినా మిగిలినవాళ్లకి చెప్పండి. ఆ గురువారం మధ్యాహ్నం డేగలు వచ్చాయి. మూడు వందల ఎనభై ఏడు. గోడకి ఆనుకుని నిలబడి ఆమె చెప్పింది నిజం. కుర్చీలో కూర్చుని నేను చెప్పింది అబద్ధం.